చెల్లు ఎవరు రాయాలి?

ప్రోనోటు ముందువైపు అందరికీ తెలిసిందే. తేదీ, మొత్తం, నూటికి నెలకు ఎంత వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం. చూడాల్సింది వెనకవైపు. ఫలానా రోజున అసలు కింద ఇంత, వడ్డీ కింద ఇంత ముట్టిందని వరుసగా చెల్లులు రాసి ఉంటాయి. డబ్బు కట్టినవాడు ఊరికే లేచి వెళ్లడు, చెల్లు పడిందాకా కూర్చుంటాడు. ఇచ్చినవాడికీ అది కావాలి. అప్పున్నవాడి సంతకంతో చెల్లు పడితే ఆ రోజు నుంచి కోర్టుకు వెళ్లడానికి మరో మూడేళ్లు గడువు దొరుకుతుంది. బాకీ మొత్తం తీరాక నోటు వెనక్కి ఇచ్చేస్తారు, లేదా ఎదురుగానే చింపేస్తారు. అంతటితో ఆ అప్పుకి ఆనవాలు ఉండదు.

విశాఖలో ఇప్పటికీ పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ కొట్ల నుంచి ఫిషింగ్ హార్బర్ బోట్ల దాకా చాలా వ్యాపారం ఖాతా పుస్తకం మీద, నోటిమాట మీద నడుస్తుంది. ఎవరు టైముకి ఇస్తారో, ఎవరు ఫోనెత్తరో బజారుకి తెలుసు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, లోన్ యాప్‌లు బజారులో కూర్చోవు. వాటికి రిజిస్టర్లు కావాలి. అవి ఒకటి కాదు, అరడజను పైనే ఉన్నాయి. ఒకటి మనిషి పేరు మీద నడుస్తుంది, ఒకటి ఆస్తి మీద, ఒకటి కంపెనీ మీద, ఇంకొకటి కోర్టు కేసు నంబరు మీద. వీటికి ఒకదాని సంగతి ఒకదానికి పెద్దగా తెలియదు. అన్నిటికీ ఉన్న పోలిక ఒక్కటే: బాకీ చకచకా ఎక్కుతుంది, చెల్లు నింపాదిగా ఎక్కుతుంది. కొన్నిచోట్ల ఎవరో వెంటపడితే తప్ప ఎక్కదు.

"సిబిల్‌లో పేరు పడిపోయింది" అనే మాటతోనే గందరగోళం మొదలవుతుంది. సిబిల్ అంటే ఎగవేతదారుల చిట్టా అనుకుంటారు. నిజానికి బ్యాంకులోనో ఫైనాన్స్‌లోనో ఒక్కసారి అప్పు తీసుకున్నా, క్రెడిట్ కార్డు వాడినా పేరు అక్కడ ఉంటుంది. వాయిదా తప్పకుండా కట్టినవాళ్లూ, ఎగ్గొట్టినవాళ్లూ అందులోనే ఉంటారు. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, అప్పుల చరిత్ర ఎవరు రాసినా సిబిల్ అనేయడం అలవాటైంది. 2000లో ఏర్పడిన ఆ సంస్థతో పాటు ఇప్పుడు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ కూడా ఇదే పని చేస్తున్నాయి. నాలుగింటికీ ఆధారం 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఈ నాలుగింటిలోనూ సభ్యులుగా ఉండాలని రిజర్వు బ్యాంకు 2015లోనే చెప్పింది. కాబట్టి ఒకచోట వాయిదా తప్పితే నాలుగుచోట్లా పడుతుంది.

ఈ సంస్థలు తమంతట తాము ఎవరి మీదా ఏమీ రాయవు. అప్పిచ్చినవాళ్లు పంపిందే రాసుకుంటాయి. ఒకప్పుడు నెలకోసారి పంపేవాళ్లు. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలన్న నిబంధన వచ్చింది. నెలకోసారి లెక్క ఉన్నప్పుడు, పాత బాకీ ఈ వారం కట్టేసి వచ్చే వారం ఇంటి లోనుకి వెళితే, తెర మీద ఇంకా బాకీయే కనపడేది. ఆ ఆలస్యం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

రిపోర్టులో అందరూ ముందు చూసేది స్కోరు. 300 నుంచి 900 మధ్య ఒక అంకె. దాని మీద జరిగినంత చర్చకు అది తగదు. లోన్ ఆఫీసరు కళ్లు వెతికేది దాని కింద ఉండే గడుల వరుసను. ఒక్కో అప్పుకి గడిచిన 36 నెలలకు నెలకో గడి, గడికో మూడంకెల సంఖ్య. వాయిదా తేదీ దాటి ఎన్ని రోజులైందో ఆ సంఖ్య చెబుతుంది. దీన్నే డీపీడీ అంటారు.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషన్లు పెట్టుకున్న ఒక వర్క్‌షాపు యజమానిని ఊహించుకుందాం. మిషన్ లోను ఉంది, వాయిదా ప్రతి నెలా 5న. డిసెంబరులో ఒక పెద్ద కంపెనీకి సరుకు పంపాడు. బిల్లు రాలేదు. ఫిబ్రవరి 5 వాయిదా ఆగింది, మార్చి 5ది కూడా ఆగింది. ఫిబ్రవరి నెలాఖరుకి గడిలో 023 పడుతుంది. మార్చి ఆఖరుకి 054. ఏప్రిల్ 20న బిల్లు డబ్బు వచ్చింది, అదే రోజు ఆగిన వాయిదాలన్నీ కట్టేశాడు. ఏప్రిల్ గడిలో 000. సున్నాలు వచ్చాయి కదా అని ఊపిరి పీల్చుకుంటాడు. ముందున్న 023, 054 మాత్రం ఏళ్ల తరబడి ఎక్కడికీ పోవు.

బ్యాంకు లోపల ఇదే సంగతికి వేరే పేర్లున్నాయి. ముప్పై రోజుల్లోపు ఆలస్యమైతే ఎస్‌ఎంఏ-0, అరవై దాకా ఎస్‌ఎంఏ-1, తొంభై దాకా ఎస్‌ఎంఏ-2. తొంభై దాటితే ఎన్‌పీఏ, అంటే పత్రికలు మొండి బకాయి అని రాసేది. పై ఉదాహరణలో బిల్లు ఇంకో పదహారు రోజులు ఆలస్యమైతే ఆ వర్క్‌షాపు ఖాతా ఎన్‌పీఏ అయ్యేది. ఎన్‌పీఏ ముద్ర పడేది ఖాతాకి కాదు, మనిషికి. అదే బ్యాంకులో అతనికున్న మిగతా అప్పులు సక్రమంగా నడుస్తున్నా వాటికీ ఆ ముద్ర అంటుకుంటుంది. పైగా ఒక వాయిదా కడితే అందులోంచి బయటపడవు. పాత బాకీ వడ్డీతో సహా మొత్తం తీర్చాలి. "ఏదో కొంత కట్టాను కదా" అనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

గడుల పక్కన ఉండే మాటలు ఇంకా ముఖ్యం. 'క్లోజ్డ్' అంటే తీరిన అప్పు. 'సెటిల్డ్' అంటే బ్యాంకు కొంత వదులుకుని, మిగతాది పుచ్చుకుని ముగించిన అప్పు. వన్ టైమ్ సెటిల్‌మెంట్ చేసుకుని బరువు దిగిందనుకున్నవాళ్లకి ఆ రెండో మాట తర్వాతి అప్పు దగ్గర అడ్డొస్తుంది. బ్యాంకు దృష్టిలో అది పూర్తి చెల్లు కాదు, సగం చెల్లు. ఇక 'రిటెన్ ఆఫ్'. పేపర్లో వేల కోట్లు రైట్ ఆఫ్ అని చూడగానే మాఫీ చేశారని జనం తిట్టుకుంటారు. రుణమాఫీలు చూసిన రాష్ట్రం కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీటు) లోంచి ఆ మొత్తాన్ని తీసేసుకోవడం మాత్రమే. అప్పున్నవాడి బాకీ అలాగే ఉంటుంది, వసూలు ఆగదు. రిపోర్టులో పడగలిగే మాటల్లో అది చాలా చెడ్డది కూడా.

షూరిటీ సంతకం సంగతి చాలామంది ఆలోచించరు. బావమరిది లారీ లోనుకి పెట్టిన సంతకం, పెట్టినవాడి రిపోర్టులో కూడా అప్పుగా ఎక్కుతుంది. బావమరిది వాయిదా తప్పితే ఆ గడులు ఇక్కడా నిండుతాయి. మొహమాటానికి పెట్టిన సంతకాల ధర ఏళ్ల తర్వాత, సొంతింటి లోనుకి వెళ్లిన రోజున తెలుస్తుంది.

ఉత్తరాంధ్రకి ప్రత్యేకంగా మరో తలనొప్పి ఉంది. సింహాద్రి అప్పన్న, పైడితల్లమ్మ పేర్ల మీద అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, పైడిరాజులు వీధికి నలుగురు దొరుకుతారు. ఇంటిపేరు ఒక కార్డులో ముందుంటుంది, ఇంకో కార్డులో చివరికి పోతుంది, మూడో దాంట్లో ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. లక్ష్మి అనే పేరుని ఇంగ్లిషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. పాన్ నంబరు సరిగ్గా ఉంటే ఇబ్బంది తక్కువ. పాత అప్పుల్లో పాన్ లేకపోయినా, తప్పు పడినా కంప్యూటరు పేరు, పుట్టినతేదీ, చిరునామా చూసి జతచేస్తుంది. అలా ఒకరి బాకీ ఇంకొకరి చిట్టాలో చేరుతుంది, ఒకరి మంచి చరిత్ర రెండు ముక్కలవుతుంది. నాలుగు సంస్థల రిపోర్టులూ అచ్చం ఒకేలా ఉండకపోవడానికి ఇదీ ఒక కారణం.

పేద కుటుంబాల చిన్న అప్పులు ఈ రిజిస్టర్లలోకి రావడం వెనక ఆంధ్రప్రదేశ్ కథే ఉంది. 2010కి ముందు ఒకే మహిళకి నాలుగైదు మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పులిచ్చేవి. వారం వారం కిస్తీలు. ఒక కంపెనీ ఇచ్చింది ఇంకో కంపెనీకి తెలిసేది కాదు, తెలుసుకోవాలన్న ఆత్రమూ ఉండేది కాదు. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి. ఆ తర్వాత ఈ రంగాన్ని పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ, 2011లో రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు, వాటితో పాటే మైక్రోఫైనాన్స్ అప్పులు కూడా క్రెడిట్ సమాచార సంస్థలకు చేరడం వరుసగా వచ్చాయి. 2022 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, కుటుంబం నెలకు కట్టే అప్పుల వాయిదాలన్నీ కలిపి ఆ కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదు. ఎంత కడుతున్నారో తెలియాలంటే రిజిస్టరు చూడక తప్పదు. అదే ఏడాది లోన్ యాప్‌ల ద్వారా ఇచ్చే అప్పులనూ, అవి ఎన్ని రోజులవైనా సరే, తప్పనిసరిగా తెలియజేయాలన్నారు. రెండు వేల రూపాయల అప్పు కూడా ఇప్పుడు గడుల్లోకి వస్తుంది. మర్చిపోయిన ఆ రెండు వేలే ఆరేడు నెలల తర్వాత బండి లోనుకి అడ్డం పడుతుంది.

చేబదులు, చిట్టీ పాటల బాకీ, డైలీ ఫైనాన్స్ మాత్రం చాలావరకు ఈ లెక్కల్లో ఉండవు. అసలు అప్పే తీసుకోని మనిషికి చరిత్రే ఉండదు. మొదటిసారి వచ్చినవాళ్లని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పిపంపొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. కౌంటరు దగ్గర అది ఎంతవరకు నడుస్తుందన్నది వేరే సంగతి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకి చదివే పిల్లలకీ ఇది తగులుతోంది. అప్పుల చరిత్ర బాగుండాలన్న షరతు ఇప్పుడు బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలోనే ఉంటోంది. ఎడ్యుకేషన్ లోను తీర్చడానికి ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి ఆ లోను బాకీ అడ్డం. ఈ ముడి ఎవరు విప్పుతారో ఆ నోటిఫికేషన్లు చెప్పవు.

ఇంతవరకూ చెప్పినవన్నీ గుట్టుగా ఉండే రిజిస్టర్లు. సభ్య సంస్థలు చూడాలి, లేదా ఆ మనిషి తన రిపోర్టు తాను చూసుకోవాలి. పొరుగువాడికి చూపించరు. అందరూ చూడగలిగే జాబితాలు వేరే ఉన్నాయి, వాటి గురించి జనానికి తెలిసింది తక్కువ. బ్యాంకులు కోర్టుకెక్కిన కోటి రూపాయలు, ఆపై బాకీల జాబితా, రూ.25 లక్షలు, ఆపై బాకీ ఉన్న ఉద్దేశపూర్వక ఎగవేతదారుల జాబితా క్రెడిట్ సమాచార సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్రం, బ్యాంకు పేరు పెట్టి వెతకొచ్చు. భాగస్వామిగా చేరమని ఎవరైనా పిలిచినప్పుడు, పెద్ద మొత్తంలో సరుకు అరువిచ్చేముందు పది నిమిషాలు అక్కడ వెతికితే పోయేదేమీ లేదు.

ఉద్దేశపూర్వక ఎగవేత అన్న మాటను పేపర్లు వాడినంత తేలిగ్గా బ్యాంకులు వాడకూడదు. కట్టే స్తోమత ఉండీ కట్టకపోవాలి, లేదా ఒక పనికని తీసుకున్న డబ్బు ఇంకోదానికి మళ్లించాలి, లేదా తాకట్టులో ఉన్న ఆస్తిని బ్యాంకుకి చెప్పకుండా అమ్ముకోవాలి. వ్యాపారం దెబ్బతిని చేతులెత్తేసినవాడు ఈ కోవలోకి రాడు. 2024 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ముందు ఒక కమిటీ పరిశీలించాలి. జవాబు చెప్పుకోవడానికి 21 రోజులు ఇవ్వాలి. ఆ తర్వాత మరో కమిటీ సమీక్షించి, కారణాలతో రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ముద్ర పడిందంటే కొత్త అప్పు పుట్టదు. జాబితాలోంచి పేరు తీసేశాక కూడా ఏడాది దాకా అంతే, కొత్త వ్యాపారానికైతే అయిదేళ్లు. ఇంత బరువైన ముద్ర కాబట్టే ఇందులో వివాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఈ కమిటీల ముందు లాయరును పెట్టుకునే హక్కు లేదనీ, సమీక్ష కమిటీకి తన వాదన రాసి పంపుకునే హక్కు ఉందనీ 2019లో కోర్టు తేల్చింది. దీనికి పొరుగుదే ఇంకో ముద్ర, ఖాతాని ఫ్రాడ్ అని ప్రకటించడం. అవతలివాళ్ల మాట వినకుండా ఆ ముద్ర వేయకూడదని 2023లో తీర్పు వచ్చింది. ఆ వివాదం మొదట నడిచింది తెలంగాణ హైకోర్టులో.

అయిదు కోట్లు, ఆపై అప్పులకి రిజర్వు బ్యాంకు 2014 నుంచి సొంతంగా ఒక భాండాగారం నడుపుతోంది. దాని పేరు క్రిల్క్. బయటివాళ్లకి కనపడదు. ఒక బ్యాంకులో వాయిదా ఆగిన పెద్ద కంపెనీని మిగతా బ్యాంకులు వెంటనే గుర్తుపట్టడానికి అది పెట్టారు.

మనిషిని వదిలి ఆస్తి దగ్గరికి వస్తే, తెలుగువాళ్లందరికీ ఎప్పటినుంచో అలవాటైన రిజిస్టరు ఒకటుంది: ఈసీ. మధురవాడలో ఫ్లాటు కొనే కుటుంబం టోకెన్ అడ్వాన్సు ఇవ్వకముందే అడిగే కాగితం అది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరైన లావాదేవీలన్నీ సర్వే నంబరు, డోర్ నంబరు వరసన కనిపిస్తాయి. ఇప్పుడు ఆన్‌లైన్లో కూడా వస్తుంది. కానీ అక్కడే ఒక చిల్లు ఉంది. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు తాలూకు కాగితం రిజిస్టరు చేయిస్తేనే ఈసీలో పడుతుంది. చేయించకపోతే ఈసీ తెల్లగానే ఉంటుంది. ఈసీ చూసి "క్లియర్ టైటిల్" అన్న మాట నమ్మినవాళ్లు కొందరు ఆ చిల్లులో పడ్డారు. ఆ లోటు పూడ్చడానికి వచ్చిందే సెర్సాయ్. 2011లో మొదలైన ఈ కేంద్ర రిజిస్ట్రీలో బ్యాంకులు తాకట్టు ఆస్తుల వివరాలు నమోదు చేస్తాయి. కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా వెతకొచ్చు. ఒకే ఫ్లాటుని ముగ్గురి దగ్గర తాకట్టు పెట్టే కళకి ఇది కొంత కళ్లెం వేసింది. కొనేవాడు ఈసీతో పాటు సెర్సాయ్ కూడా వెతకాలి. బ్యాంకు లాయర్లు ఎలాగూ వెతుకుతారు. లోను లేకుండా రొక్కంతో కొనేవాళ్లకే ఆ సంగతి చెప్పేవాళ్లుండరు.

కంపెనీల ఆస్తుల మీద అప్పుకి ఇంకో పుస్తకం ఉంది. తాకట్టు పెట్టిన ముప్పై రోజుల్లో ఛార్జి, అంటే ఆ ఆస్తి మీద అప్పిచ్చినవాడికున్న హక్కు, వివరాలు కంపెనీల రిజిస్ట్రారుకి ఇవ్వాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో ఆ ఛార్జీలు ఎవరైనా చూడొచ్చు. కరెంటు బిల్లు బాకీ అయితే మరీ విచిత్రం, అది మనిషిని కాకుండా స్థలాన్ని పట్టుకుంటుంది. నిబంధనలు అలా ఉన్నచోట, పాత యజమాని కరెంటు బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షన్ ఇస్తామని విద్యుత్ సంస్థలు షరతు పెట్టొచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వేలంలో చవగ్గా వచ్చిందని మూతపడ్డ షెడ్డు కొనేవాళ్లు ముందు సర్వీసు నంబరు మీద ఎంతుందో చూసుకోవాలి.

తాకట్టు ఆస్తి చేజారేటప్పుడు నడిచే తంతు పేపర్లో కనిపిస్తూనే ఉంటుంది. కోర్టుకెక్కకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు, అది గడిచాక స్వాధీన ప్రకటన. ఆ ప్రకటన రెండు పత్రికల్లో వేయాలి, ఒకటి స్థానిక భాషది కావాలి. పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు, హద్దులతో సహా తెలుగు పేపర్లో పడుతుంది. నిజానికి సామాన్యుడి బాకీ ఊరందరికీ తెలిసే రిజిస్టరు ఇదే. దీన్ని ఎవరూ రిజిస్టరు అనరు, అంతే తేడా. బ్యాంకు చర్య మీద అప్పీలుకి విశాఖలోనే రుణ వసూళ్ల ట్రిబ్యునల్ ఉంది. రూ.20 లక్షలు, ఆపై బ్యాంకు బాకీల వసూలు కేసులూ అక్కడికే వెళతాయి.

ఇంగ్లండులో అప్పు కేసుల తీర్పులకి విడిగా బహిరంగ రిజిస్టరు ఉంది. నెలలోపు కట్టేస్తే పేరు తీసేస్తారు, కట్టకపోతే ఆరేళ్లు ఉంచుతారు. మన దగ్గర అలాంటిది లేదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో పార్టీ పేరు పెట్టి వెతుక్కోవాలి. ప్రోనోటు దావాలు, చెక్ బౌన్స్ కేసులు, డిక్రీ అమలుకి వేసిన ఈపీలు దొరుకుతాయి, కానీ మళ్లీ ఆ అప్పలరాజుల సమస్యే. ఏ అప్పలరాజు?

కోర్టు అనగానే తెలుగు జనం నోట వచ్చేది "ఐపీ పెట్టేశాడు" అన్న మాట, అంటే దివాలా పిటిషన్ వేశాడని. నమ్మి డబ్బిచ్చినవాళ్ల ఇంటికి కోర్టు నోటీసు వస్తే, అందులో బాకీదారుడి అప్పులవాళ్ల జాబితా, ఆ జాబితాలో తమ పేరూ, తమకి రావాల్సిన మొత్తమూ ఉంటాయి. ఈ పిటిషన్‌కి ఆధారం 1920 నాటి ప్రాంతీయ దివాలా చట్టం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది కదా అంటే, అందులో వ్యక్తులకు సంబంధించిన భాగం ఇప్పటిదాకా కంపెనీ అప్పులకి హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది, అదీ 2019 డిసెంబరులో. మిగతావాళ్లకి వందేళ్ల నాటి చట్టమే దిక్కు. ఐపీ పెట్టగానే అప్పు ఎగిరిపోతుందన్నది అపోహ. కోర్టు దివాలాగా ప్రకటిస్తే ఆ సంగతి గెజెట్‌లో వేస్తారు. కోర్టు విడుదల ఉత్తర్వు ఇచ్చేదాకా అతను ఎమ్మెల్యే కాలేడు, ఎంపీ కాలేడు, కంపెనీ డైరెక్టరూ కాలేడు. తాను దివాలా తీసినవాణ్ని అని చెప్పకుండా యాభై రూపాయలు అప్పు తీసుకున్నా ఆ చట్టం ప్రకారం నేరమే. 1920లో యాభై అంటే పెద్ద మొత్తం. ఇవాళ టీ, టిఫిన్ అరువు పెట్టినా నేరమయ్యేటట్టుంది.

కంపెనీల దివాలా వేరే దారి. కనీసం కోటి రూపాయల బాకీ ఉంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, అంటే ఎన్‌సీఎల్‌టీకి, వెళ్లొచ్చు. విశాఖ కంపెనీల కేసులు అమరావతి బెంచ్ ముందుకి వెళతాయి. అక్కడ బాకీని రుజువు చేయడానికే నెస్ల్ అనే ఎలక్ట్రానిక్ రిజిస్ట్రీ ఉంది. అప్పిచ్చినవాళ్లు నమోదు చేసిన బాకీ సరైనదేనా అని తీసుకున్నవాళ్లకి సందేశం వస్తుంది. పట్టించుకోకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టు లెక్కేస్తారు. మెయిల్ చూసే అలవాటు లేని చిన్న కంపెనీలకి ఇది కాలికి తగిలే రాయి.

మళ్లీ చెల్లు దగ్గరికి. ప్రోనోటు అప్పుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, దావా నిలవదు. క్రెడిట్ రిపోర్టుకి ఆ లెక్క లేదు, సమాచారం కనీసం ఏడేళ్లు ఉంచాలని నిబంధన. కాబట్టి దావాకి పనికిరాని అప్పు కూడా రిపోర్టులో కూర్చునే ఉంటుంది. తీరిన అప్పుకి మాత్రం రిజర్వు బ్యాంకు ఈమధ్య కొంచెం గట్టిగానే గంట కట్టింది. 2023 డిసెంబరు 1 నుంచి, అప్పు పూర్తిగా తీరిన ముప్పై రోజుల్లో బ్యాంకు ఆస్తి దస్తావేజులు వెనక్కివ్వాలి, రిజిస్ట్రీల్లో ఉన్న ఛార్జీలూ తొలగించాలి. తనవల్ల ఆలస్యమైతే రోజుకి రూ.5,000 చొప్పున కట్టివ్వాలి. క్రెడిట్ రిపోర్టులో తప్పుంటే ఫిర్యాదు చేసిన ముప్పై రోజుల్లో సరిచేయాలి, అందులో 21 రోజులు అప్పిచ్చిన సంస్థ వాటా. గడువు దాటితే రోజుకి రూ.100. ఇది 2024 ఏప్రిల్ ఆఖరు నుంచి అమల్లో ఉంది. ఒక తప్పు గడివల్ల ఇంటి లోను చేజారినవాడికి రోజుకి వంద రూపాయలు ఏ మూలకి? అయినా ఆ వంద లేనప్పుడు ఉత్తరాలకి జవాబే వచ్చేది కాదు. జవాబు నచ్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సమాచార సంస్థల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు.

తప్పు ఉందో లేదో ముందు చూడాలి కదా. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి నిబంధన. మూడు నెలలకి ఒక సంస్థ దగ్గర తీసుకుంటే ఏడాది పొడుగునా పైసా ఖర్చు లేకుండా గమనించుకోవచ్చు. నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని బీరువాలో పెట్టినంత మాత్రాన ఈసీలో, సెర్సాయ్‌లో, రిపోర్టులో చెల్లు పడినట్టు కాదు. మూడూ విడివిడిగా చూసుకోవాలి, లేనిచోట బ్యాంకుకి ఉత్తరం రాయాలి.

ఇదంతా చిన్నవాడు పెద్దవాడికి పడే బాకీల సంగతి. పెద్దవాడు చిన్నవాడికి బాకీ పడితే? సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం ఎంఎస్ఎంఈ చట్టం 2006లోనే వచ్చింది. చిన్న పరిశ్రమ సరుకు తీసుకున్నాక రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఈ బాకీల ఫిర్యాదులకి 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చింది. ఆన్‌లైన్లో పెట్టిన ఫిర్యాదు, వాటిని తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళుతుంది. కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకి పోవాలంటే కొన్నవాడు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి గడువులోపు కట్టని బిల్లుని, కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలని ఆదాయపు పన్ను చట్టంలోనూ మెలిక పెట్టారు. కాగితం మీద చూస్తే బ్యాంకులకి కూడా ఇంత గట్టి చట్టం లేదనిపిస్తుంది.

ఆటోనగర్‌లో మాత్రం ఫిర్యాదు పెట్టేముందు పదిసార్లు ఆలోచిస్తారు. స్టీల్ ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ ఉన్న ఊళ్లో చిన్న షెడ్డుకి ఆర్డర్లిచ్చే చేతులు నాలుగో అయిదో. వాటిలో ఒకదాని మీద ఫిర్యాదు చేస్తే పాత బిల్లు వస్తుందేమో కానీ కొత్త ఆర్డరు రాదన్న భయం. పైగా సమాధాన్‌లో పడిన బాకీ కొన్న కంపెనీ క్రెడిట్ రిపోర్టులో డీపీడీ గడిని నింపదు. బ్యాంకులు పంపే సమాచారంలో సరఫరాదారుడి బిల్లుకి చోటు లేదు.

కంపెనీల చట్టం కింద ఒక ఫారం మాత్రం ఉంది, ఎంఎస్ఎంఈ-1. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి 45 రోజులు దాటి బాకీ పడిన కంపెనీలు ఆరు నెలలకోసారి దాన్ని దాఖలు చేయాలి. ఎవరికెంత, ఎప్పటినుంచి అని అందులో రాయాలి. పక్కనే ఇంకో గడి ఉంటుంది, ఆలస్యానికి కారణం రాయడానికి. పై ఉదాహరణలోని పెద్ద కంపెనీ కూడా అందులో ఏదో ఒకటి రాసే ఉంటుంది. వర్క్‌షాపు యజమాని రిపోర్టులో 023, 054 అన్న రెండు గడులే ఉన్నాయి. వాటి పక్కన కారణం గడి లేదు.